పద్నాలుగు నిమిషాలు

బుచ్చిబాబుగారు కాఫీ తాగుతూ తప్ప మెమో చెప్పలేరు. ఒక గుక్క, ఒక వాక్యం. గ్లాసు ఖాళీ అయ్యేసరికి కాగితం అడుగున 'యాజమాన్యం తరఫున' అన్న మాట పడిపోవాలి. సోమవారం పదిన్నరకి ఆ మేనేజరుగారు గ్లాసు పట్టుకుని తన బల్ల దగ్గరికి వచ్చి నిలబడగానే బిందుమాధవికి సంగతి అర్థమైంది. నిట్టూర్చి కొత్త ఫైలు తెరిచింది.

"రాయండి మాధవిగారూ. శ్రీమతి రాహేలు, అసెంబ్లీ విభాగం, రెండో అంతస్తు. సంజాయిషీ నోటీసు, మూడోది. ఆ మూడోది అన్నది కాస్త లావుగా పెట్టండి."

లావుగా పెట్టింది.

"మీరు ఈ నెల పన్నెండో తేదీన పదకొండు ఇరవైకి పనిచోటు వదిలి వెళ్లి, పదకొండు ముప్ఫై నాలుగుకి తిరిగి వచ్చారు. అనగా పద్నాలుగు నిమిషాలు. టాయిలెట్ నిమిత్తం కంపెనీ అనుమతించే సమయం పది నిమిషాలు మాత్రమేనని మీకు తెలిసినదే." ఒక గుక్క. "మీరు పనిచేసే రెండో అంతస్తులోనే మహిళలకు టాయిలెట్ సౌకర్యం ఉన్నప్పటికీ..."

బిందుమాధవి వేళ్లు ఆగిపోయాయి.

"సార్, రెండో అంతస్తులో టాయిలెట్ ఎక్కడుందండీ?"

బుచ్చిబాబుగారికి కోపం రాలేదు. ఆయనకి కోపం రాదు, ఆయనతో వచ్చిన చిక్కే అది. అరిచే మనిషైతే ఎదురు అరవొచ్చు. ఈయన ఓపిగ్గా, చిన్నపిల్లకి లెక్క చెప్పినట్టు చెబుతారు.

"రికార్డులో ఉంది కదమ్మా."

"రికార్డులో ఉందండీ. అంతస్తులో లేదు."

"మనకి ఆధారం రికార్డే కదా. రేపు ఎవరైనా అడిగితే ఏం చూపిస్తాం? రికార్డు చూపిస్తాం. పైగా ఆ మినిట్స్ టైప్ చేసింది మీరే." ఆ మాట కూడా తప్పు పట్టినట్టు కాదు, మెచ్చుకుంటున్నట్టే అన్నారు.

నిజమే. మూడేళ్ల కిందట, స్విచ్‌బోర్డులు కొనే పుణె కంపెనీ వాళ్లు తనిఖీకి వస్తారనగా, కార్మికుల కమిటీ సమావేశం జరిగినట్టు మినిట్స్ కావలసి వచ్చాయి. సమావేశం జరగలేదు. ఎప్పుడూ జరగదు. కిందటి నెల ఫైలు తెరిచి, తేదీ మార్చి, 'సభ్యులందరూ సంతృప్తి వ్యక్తం చేశారు' అన్న వాక్యం అలాగే ఉంచి ప్రింటు తీయడమే సమావేశం. ఆ నెల మాత్రం బుచ్చిబాబుగారు ఒక వాక్యం కలపమన్నారు: 'రెండో అంతస్తులో మహిళల టాయిలెట్ నిర్మాణం పూర్తయి వాడుకలో ఉంది.' ఎలాగూ కట్టబోతున్నాం, కాస్త ముందుగా రాస్తున్నాం అంతే కదమ్మా అన్నారు. తనిఖీకి వచ్చినాయన మొదటి అంతస్తు దాకా ఎక్కి, దిగి, కొబ్బరినీళ్లు తాగి, ఫైలు మీద సంతకం పెట్టి వెళ్లిపోయాడు. ఆ వాక్యం ఫైల్లో ఒక మూల పడి ఉంది, ఎవరికేం నష్టం అనుకుంది ఇన్నాళ్లూ బిందుమాధవి. ఇప్పుడది వచ్చి రాహేలు మెడకి చుట్టుకుంది.

"మూడో మెమో అంటే ఎంక్వైరీ కదండీ. ఎంక్వైరీ అంటే ఆమె ఉద్యోగం పోయినట్టే."

"అయ్యో, అంత దూరం ఎందుకు ఆలోచిస్తారు? పద్ధతి ప్రకారం పోదాం," అని బుచ్చిబాబుగారు గ్లాసు బల్ల మీద పెట్టారు. ఖాళీ అయిపోయింది.

బిందుమాధవి టైప్ చేసింది. తన మీద తనకే ఒళ్లు మండింది గానీ టైప్ చేసింది. ప్రింటరు కాగితం నమిలి మధ్యలో ఆగిపోతే, దాన్ని తిట్టుకుంటూ ముక్కలు బయటికి లాగి, కొత్త కాగితం పెట్టి మరీ తీసింది.

*

మెమో టైప్ చేసేదీ బిందుమాధవే, దానికి జవాబు రాసిపెట్టేదీ బిందుమాధవే. నాచారంలోని ఆ ఫ్యాక్టరీలో ఇది ఎవరికీ వింతగా తోచదు. మెమో అందుకున్న మనిషి మర్నాడు భోజనాల వేళ ఆమె బల్ల దగ్గరికి వస్తుంది. ఆమె అదే కంప్యూటర్లో ఇంకో ఫైలు తెరుస్తుంది. దాని పేరు 'క్షమాపణ'. పేరూ తేదీ మారిస్తే చాలు, 'నా వల్ల తప్పు జరిగినది, ఇకముందు జరగదని హామీ ఇస్తున్నాను' అని వచ్చేస్తుంది. రాయడం రాని వాళ్లకి నా చేతనైన సాయం అని బిందుమాధవి అనుకునేది.

మంగళవారం ఒంటిగంటకి రాహేలు వచ్చింది. చేతిలో టిఫిన్ డబ్బా, డబ్బా కింద నాలుగు మడతలు పెట్టిన మెమో. ఆమె వేళ్ల చివర్లు నల్లగా ఉన్నాయి. రోజంతా స్విచ్చుల్లో స్ప్రింగు పెట్టి, ఇత్తడి ముక్క నొక్కి, స్క్రూ బిగించే వేళ్లవి. ఎంత రుద్ది కడిగినా ఆ ఇత్తడి నలుపు పోదు.

"అక్కా, జర జవాబు రాసియ్యవా," అంది. "తప్పైంది, ఇంకోసారి జెయ్య అని. పోయినసారి రాసినవ్ గదా, గట్లనే."

"కూర్చో. తిన్నావా?"

"తింట తియ్యి. ముందుగాల గిది గావాలె."

బిందుమాధవి ఫైలు తెరిచింది. రాహేలు పాత క్షమాపణలు రెండూ అందులోనే ఉన్నాయి. రెండూ తను రాసినవే, రెండూ ఒకటే. రేపు ఎంక్వైరీలో ఇవే బల్ల మీద పెడతారు. రెండుసార్లు తప్పు ఒప్పుకున్న మనిషి మూడోసారీ చేసింది చూడండి అంటారు.

"అసలు పద్నాలుగు నిమిషాలు ఎందుకు పట్టింది?"

"అందరికి గంతే పడ్తదక్కా. నా స్టూలే మెట్లకాడ మొదటిది. సారు పైకి రాంగనే ఖాళీ స్టూలు గదే కండ్లవడ్తది. ఆ దినం గడియారం సూసుకుంట ఆడనే నిలవడ్డడు." రాహేలు గొంతు తగ్గించింది. "నాకు మూత్రంల మంట. ఏఎస్ రావు నగర్ల డాక్టరమ్మ దినాం మూడు లీటర్ల నీళ్లు తాగుమన్నది. తాగితే కిందికి దిగాలె. తాగకపోతే మంట. ఏం జెయ్యమంటవ్?"

మెమో విప్పి, ఒక వాక్యం మీద వేలు పెట్టింది.

"గిదేంది గని, మా అంతస్తులనే టాయిలెట్ ఉన్నదని రాసిన్రు? ఏడేండ్ల సంది జేస్తున్న, నాకైతే ఎన్నడు కండ్లవడలే. ఎవరు రాసిన్రో ఏమో, వాళ్లనే వచ్చి సూపెట్టుమనాలె." అని నవ్వింది.

నేనే రాశాను అని చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. మాట నోటిదాకా వచ్చింది. బిందుమాధవి దాన్ని మింగేసింది.

"ఈసారి తప్పయిందని రాయొద్దు," అంది బదులుగా, అవసరం లేకపోయినా గొంతు పెంచి.

"మరేం రాయాలె?"

"జరిగింది చెప్పు. నువ్వు చెప్పిందే రాస్తాను. నా మాట ఒక్కటీ కలపను."

"ఉన్నది రాస్తే నౌకరి ఉంటదా అక్కా? పిల్ల ఇంటర్ల ఉన్నది. దమ్మాయిగూడ కెళ్లి రెండు బస్సులు మారి వస్తున్న, నౌకరి ఉండాలనే గదా."

"తప్పయిందని రాస్తే మాత్రం ఉంటుందా? రెండుసార్లు రాశావుగా. ఏమైంది?"

రాహేలు డబ్బా బల్ల మీద పెట్టి కుర్చీ అంచున కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు.

"సూపర్‌వైజర్ బాలరాజన్నతోని రిజిస్టర్ల పేరు రాయించుకున్న. లిఫ్టు ఎక్కబోతే సరుక్కే అని దింపిండు. యాభై నాలుగు మెట్లు దిగిన. ఎనుక వాకిట్ల టాయిలెట్ ఒక్కటే, నా ముందట ఇద్దరున్నరు. నా వంతు వచ్చేటాల్లకు డ్రమ్ముల నీళ్లు అయిపోయినయ్. గేటుకాడికి వోయి వాచ్‌మెన్ కొమురెల్లి తాతను అడిగి మోటరు ఏపిచ్చిన. బకెట్ నింపుకున్న. మళ్ల యాభై నాలుగు మెట్లు ఎక్కిన. గంతే. మా అంతస్తుల టాయిలెట్ లేదు."

బిందుమాధవి ఉన్నదున్నట్టు కొట్టింది. అలవాటు కొద్దీ ఒకటి రెండు మాటలు ఆఫీసు భాషలోకి దిద్దబోయి, ఆగి, వదిలేసింది. అంతా అయ్యాక చదివి వినిపించింది.

"మోటరు ఏపిచ్చుడు గూడ రాసినవా!" అని రాహేలు ఆశ్చర్యపోయింది. మళ్లీ ఒకసారి చదివించుకుని, నాలుక బయటపెట్టి జాగ్రత్తగా సంతకం చేసింది. ఆ క్షమాపణల మీద సంతకం పెట్టిన రెండుసార్లూ చదవమని అడగనైనా అడగలేదని బిందుమాధవికి అప్పుడు గుర్తొచ్చింది.

*

"ఇది ఎవరు రాశారు?" అన్నారు బుచ్చిబాబుగారు బుధవారం పొద్దున, జవాబు కాగితాన్ని తడిసిన గుడ్డలా రెండు వేళ్లతో పట్టుకుని.

"ఆమె చెప్పింది. నేను టైప్ చేశాను."

"మోటరూ, బకెట్టూ, మెట్లూ... ఇవన్నీ ఎందుకమ్మా? జవాబంటే నాలుగు ముక్కలుండాలి. మీకు తెలియనిదా?" ఆయన నిజంగానే బాధపడుతున్నారు. "సరే, రేపే ఎంక్వైరీ పెట్టించేశాను. ఎంక్వైరీ చేసే లాయరమ్మగారు పదకొండుకి వస్తారు. రికార్డు మీరే రాయాలి. ఫైలు సిద్ధం చేయండి. మినిట్స్, ఆమె పాత క్షమాపణలు, టాయిలెట్ క్లీనింగ్ చార్టు."

క్లీనింగ్ చార్టు! దాన్ని మరిచిపోవాలని బిందుమాధవి చాలా ప్రయత్నించింది, చాలావరకు మరిచిపోయింది కూడా. టాయిలెట్ ఉందన్నాక రోజూ కడిగినట్టు ఉండాలి కదా. అందుకని నెలకో చార్టు. నెలాఖరున ఒక పూట కూర్చుని గళ్లన్నింటిలో టిక్కులు పెట్టేది, మధ్యమధ్య పెన్ను మారుస్తూ. పెన్ను మార్చమని బుచ్చిబాబుగారు చెప్పలేదు. ఆ తెలివి తనదే. అది తలుచుకుంటే ఇప్పుడు చెంపలు వాయించుకోవాలనిపించింది.

అక్టోబరు చార్టు తీసి చూసింది. దసరా రోజు గడిలో కూడా టిక్కు ఉంది. ఆ రోజు గేటుకి తాళం. అంటే లేని టాయిలెట్‌ని సెలవు రోజున కూడా కడిగారన్నమాట. అడుగున 'సుబ్బులు' అని వంకర అక్షరాలతో సంతకం.

ఆ సుబ్బులు వరండా తుడుస్తోంది. తెనాలి పక్క నుంచి వచ్చిన పెద్దామె, పేరు తప్ప ఇంకేమీ రాయలేదు.

"సుబ్బులూ, నెలనెలా నీచేత సంతకం పెట్టిస్తున్నానే, అదేం కాగితమో తెలుసా?"

"నాకేం తెలుసు తల్లీ? నువ్వు పెట్టమన్నావు, పెట్టాను." సుబ్బులు గుడ్డ పిండి, బకెట్ ముందుకి జరిపింది. "నువ్వు పెట్టమన్నావంటే మంచి కాగితమే అయ్యుంటది. కాళ్లు తీయమ్మా, తడి."

బిందుమాధవి కాళ్లు తీసింది.

సాయంత్రం స్టేడియంలో ఏదో మ్యాచ్ ఉందని ఉప్పల్ చౌరస్తా దగ్గర బస్సు అరగంట కదల్లేదు. నీలం చొక్కాల కుర్రాళ్లు ఈలలు వేస్తూ బస్సు చుట్టూ పోతున్నారు. బిందుమాధవికి వాళ్లందరినీ పట్టుకెళ్లి ఒక్కొక్కరి చేతా యాభై నాలుగు మెట్లు ఎక్కించాలనిపించింది. ఇల్లు చేరేసరికి భర్త లక్ష్మీకాంత్ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాడు. చెప్పులు విప్పకుండానే అంతా చెప్పేసింది.

"నీకెందుకు మాధవీ? వాళ్లు చెబుతారు, నువ్వు కొడతావు," అన్నాడతను. "మా బీమా ఆఫీసులో నేను రోజుకి యాభై ఫైళ్ల మీద 'పరిశీలించాను' అని రాస్తాను. అన్నీ పరిశీలిస్తూ కూర్చుంటే ఇంటికొస్తానా?"

"పరిశీలించనప్పుడు ఎందుకు రాస్తారు?"

"రాయకపోతే ఫైలు కదలదు."

"ఆ ఫైలు కదిలి వెళ్లి ఎవరి నెత్తిన పడుతోందో ఎప్పుడైనా చూశారా?"

"ఇప్పుడు నేనేం చేశానే?" అన్నాడు లక్ష్మీకాంత్ కాయ పట్టుకుని. పాపం, నిజంగానే ఏమీ చేయలేదు. బిందుమాధవి అతని చేతిలోని పళ్లెం లాక్కుని, మిగతా కాయలన్నీ కసిగా పుటుక్కు పుటుక్కున తుంచి పడేసింది.

*

లాయరు త్రిపురసుందరిగారు అరవై దాటిన మనిషి. మోకాలికి పట్టీ, మెడలో దారానికి వేలాడే కళ్లజోడు. కుర్చీలో కూర్చుంటూనే గోడ గడియారం చూసి, "ఒంటిగంటకి నేను బయల్దేరాలి," అన్నారు. ఆవిడకి ఎదురుగా బుచ్చిబాబుగారు, పక్కన స్టూలు మీద రాహేలు, మూలన కంప్యూటరు ముందు బిందుమాధవి.

బుచ్చిబాబుగారు పూజ సామాను సర్దినట్టు కాగితాలు వరసగా పెట్టారు.

"ఇవి మినిట్స్ అండీ. ఇవి ఆమె గతంలో ఇచ్చిన క్షమాపణలు. ఇది అంతస్తులో ఉండే రాకపోకల రిజిస్టరు. మిగతా ముప్ఫై మందికీ పది నిమిషాలు హాయిగా సరిపోతున్నాయి, చూడండి, అన్నీ పదులే. ఈ ఒక్కామెకే పద్నాలుగు."

"ఏమ్మా?" అన్నారు లాయరమ్మ రాహేలు వైపు తిరిగి.

"మా అంతస్తుల టాయిలెట్ లేదమ్మా. కిందికి పోయి రావాలె."

"ఉన్నట్టు మినిట్స్‌లో ఉందమ్మా. కడుగుతున్నట్టు చార్టు కూడా ఉంది."

"కాగితంల ఉంటే ఏం జెయ్యాలమ్మా? కాగితం మీద కూసోవాల్నా?"

బుచ్చిబాబుగారు దగ్గారు. బిందుమాధవి ఆ మాట కూడా కొట్టింది, ప్రశ్నార్థకంతో సహా.

త్రిపురసుందరిగారు కళ్లజోడు పెట్టుకుని చార్టు దగ్గరగా పట్టుకున్నారు. వేలితో ఒక్కో గడీ దాటుతూ ఒకచోట ఆగారు.

"దసరా నాడు ఫ్యాక్టరీ నడిచిందా?"

"లేదండీ. ఆ రోజు సెలవు."

"మరి కడిగినట్టు ఉందే?"

బుచ్చిబాబుగారు చార్టు అందుకుని చూసి, జాలిగా నవ్వారు. "ఆ ఊడ్చే సుబ్బులు అంతేనండీ. చదువూ సంధ్యా లేని మనిషి. చూడకుండా పెట్టేస్తుంది టిక్కులు. ఇలాంటివి ఉపేక్షించకూడదు. మాధవిగారూ, సుబ్బులుకి కూడా ఒక మెమో, నోట్ చేసుకోండి."

కీబోర్డు చప్పుడు ఆగింది.

"చేసుకోను," అంది బిందుమాధవి.

"అంటే?"

"సుబ్బులుకి టిక్కు పెట్టడం రాదండీ. తన పేరు రాయడం ఒక్కటే వచ్చు. టిక్కులన్నీ నేను పెట్టాను. మూడేళ్ల నుంచి నెలనెలా నేనే పెడుతున్నాను." కుర్చీ అటు తిప్పుకుంది. "కడగడానికి అక్కడ టాయిలెట్టే లేదు. ఉందని మినిట్స్‌లో రాసింది కూడా నేనే. మీరు చెప్పారు, నేను రాశాను. సమావేశం జరగలేదు. ఏ సమావేశమూ జరగలేదు. ఆ క్షమాపణలు రెండూ నేను రాసినవే. ఆమె చదవనైనా చదవలేదు."

రాహేలు స్టూలు మీద ఇటు తిరిగింది.

"నువ్వా అక్కా?"

"నేనే."

ఇంకేదో చెప్పాలి. ఏం చెప్పినా సాకు లాగే ఉంటుంది. రాహేలు ఒక్క క్షణం చూసి, ముఖం తిప్పేసుకుంది. బుచ్చిబాబుగారి ఓపిక, లాయరమ్మ గడియారం, రేపు పోయే కుర్చీ, వీటిలో ఏదీ ఆ చూపంత గుచ్చుకోలేదు.

"మాధవిగారికి ఒంట్లో బాగున్నట్టు లేదండీ," అన్నారు బుచ్చిబాబుగారు మెత్తగా. "ఈ భాగం రికార్డులో వద్దు."

"టైప్ చేస్తూనే చెప్పానండీ," అంది బిందుమాధవి. అది అబద్ధం కావడానికి వీల్లేదని, వెంటనే కీబోర్డు మీదికి వంగి, అన్న మాటలన్నీ వరసగా కొట్టేసింది. "ఇదిగో, ఇప్పుడు అయింది. ఇందాక కాలేదు."

"రికార్డు రాసే మనిషి సాక్ష్యం చెప్పడమేమిటమ్మా?" లాయరమ్మ విసుక్కున్నారు.

"అయితే సాక్షిగా వేసుకోండి. నా పేరు నేనే టైప్ చేసుకుంటాను. పైకి వెళ్లి చూద్దాం రండి, ఉందో లేదో."

"ఎన్ని మెట్లు?"

"యాభై నాలుగమ్మా," అంది రాహేలు.

త్రిపురసుందరిగారు మోకాలి పట్టీ మీద చెయ్యి వేసుకున్నారు. "వద్దు. చూడండి బుచ్చిబాబుగారూ, దీని మీద నా సంతకం ఉంటుంది. రేపు ఎవరైనా కోర్టుకి పోతే నన్ను అడుగుతారు. అన్నది అన్నట్టు రికార్డులో ఉండాల్సిందే. ఒక్క మాట చెప్పండి, రాసుకుంటుంది. టాయిలెట్ ఉందా, లేదా?"

బుచ్చిబాబుగారు జేబురుమాలు తీసి పెదాలు ఒత్తుకున్నారు. పాపం, ఎదుట కాఫీ లేదు.

"ప్రతిపాదనలో ఉందండీ."

బిందుమాధవి అదీ కొట్టింది. మూడు కాపీలు తీసింది. ప్రింటరు ఈసారి నమల్లేదు. ప్రతి పేజీ మీదా అందరూ సంతకాలు పెట్టారు. "ఆమె కాపీ తరవాత ఇద్దాంలెండి," అని బుచ్చిబాబుగారు అంటుండగానే బిందుమాధవి లేచి వెళ్లి ఒక కాపీ రాహేలు చేతిలో పెట్టింది. రాహేలు దాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుని, ఆమె వైపు చూడకుండా వెళ్లిపోయింది.

*

శనివారం రెండు ఉత్తర్వులు వచ్చాయి. రెండూ బుచ్చిబాబుగారు స్వయంగా టైప్ చేసుకున్నారు. మొదటిది: 'మానవతా దృక్పథంతో శ్రీమతి రాహేలుపై నోటీసును ఉపసంహరించడమైనది. టాయిలెట్ ప్రతిపాదన పరిశీలనలో ఉన్నది.' మానవతా దృక్పథమట! అది చదివి బిందుమాధవి పళ్లు నూరింది. రెండోది ఆమెకి: 'పరిపాలనా అవసరాల రీత్యా మిమ్మల్ని రెండో అంతస్తు రికార్డులకు మార్చడమైనది.'

"పైన గాలి బాగా వస్తుందమ్మా," అన్నారు బుచ్చిబాబుగారు, ఆమె గ్లాసూ పెన్నులూ సంచిలో సర్దుకుంటుంటే.

సోమవారం పొద్దున బిందుమాధవి యాభై నాలుగు మెట్లూ ఎక్కింది. నలభైఏడేళ్ల మోకాళ్లు ముప్ఫయ్యో మెట్టు దగ్గరే మొరాయించాయి. పైన పొడుగాటి బల్లలకి అటూ ఇటూ ముప్ఫై ఒక్కమంది ఆడవాళ్లు, స్క్రూలు తిరుగుతున్న కిరకిర. సూపర్‌వైజర్ బాలరాజు మెట్ల మొదట తన బల్లలో సగం ఖాళీ చేసి ఆమెకి కుర్చీ వేశాడు. అక్కడికి రెండడుగుల దూరంలోనే రాహేలు స్టూలు. "బాగున్నావా?" అని పలకరిస్తే, రాహేలు తలెత్తకుండా స్ప్రింగు నొక్కి, స్క్రూ బిగించి, అయిన స్విచ్చుని ట్రేలో వేసి, ఇంకోటి తీసుకుంది.

పదకొండుంబావుకి బిందుమాధవికి కిందికి వెళ్లాల్సి వచ్చింది. ఇన్నేళ్లూ ఆఫీసు గది వెనకాలే ఉన్న స్టాఫు బాత్రూము వాడిన మనిషి. పై అంతస్తు వాళ్లు వాకిట్లోదే వాడాలని ఉత్తర్వులోనే ఉంది. రిజిస్టరులో కొత్త పేజీ మొదట పేరు రాసి దిగింది. వాకిట్లో ముగ్గురు నిలబడి ఉన్నారు. తలుపు గడియ లోపలి నుంచి పడదు, చేత్తో పట్టుకోవాలి. బకెట్‌కి పిడి లేదు. ఎక్కేటప్పుడు రెండుచోట్ల కూర్చుంది. పైకి వచ్చేసరికి ఆయాసంతో మాట రావడం లేదు.

బాలరాజు గడియారం వైపు చూసి పెన్ను తీశాడు.

"పది అని రాస్త తియ్యున్రి మేడం. మీకెందుకు పరేషాన్."

"ఎంతసేపు పట్టింది?"

"పద్దెనిమిది. ఎవరికైన అటుఇటుగ గంతే పడ్తది మేడం. గందుకే నేను అందరికి పదే రాస్త, ఎవరికి లొల్లి ఉండొద్దని. సారు ఎదురుంగ నిలవడ్డ దినం మాత్రం పది ఎట్ల రాస్త చెప్పున్రి?"

బిందుమాధవి రిజిస్టరు తన వైపు లాక్కుంది. వెనక్కి తిప్పింది. పది, పది, పది, పది. పేజీ వెనక పేజీ. ముసలివాళ్లకి పది, కడుపుతో ఉన్నవాళ్లకి పది, నీళ్లు రాని రోజున పది. ఆ పదుల మధ్య మూడంటే మూడుచోట్ల వేరే అంకెలున్నాయి. పదమూడు, పదిహేను, పద్నాలుగు. మూడూ రాహేలువే. మొత్తం పుస్తకంలో నిజం రాసింది ఆ మూడు గళ్లలోనే, మెమోలు పడింది ఆ మూడింటికే. మిగతా ముప్ఫై మందికీ హాయిగా సరిపోతున్నాయని ఎంక్వైరీలో చూపించింది ఈ పదులనే. తన టిక్కులకీ ఈ పదులకీ తేడా ఏముంది? బాలరాజుదీ మంచి మనసే, తనదీ మంచి మనసే. ఇద్దరి మంచితనమూ కలిసి ఒక మనిషిని గేటు బయటికి గెంటబోయింది.

"పెన్ను ఇటివ్వు బాలరాజూ."

తన పేరు ఎదురుగా పద్దెనిమిది అని రాసి, పక్కన సంతకం పెట్టింది. అంకె పెద్దదిగానే రాసింది.

"సారు సూస్తే మెమో ఇస్తడు మేడం."

"ఇవ్వనీ."

పక్క స్టూలు దగ్గర స్క్రూడ్రైవర్ ఆగింది.

"పద్దెనిమిదా?" అంది రాహేలు. గురువారం తరవాత ఆమె నోట వచ్చిన మొదటి మాట అది. ముఖంలో నవ్వు లేదు. "నేను పద్నాలుగుల వస్తి."

ఎవరో కిసుక్కుమన్నారు. రాహేలు అయిన స్విచ్చుని ట్రేలో వేసి, నీళ్ల సీసా ఎత్తి గటగటా తాగి, లేచింది. రిజిస్టరులో పేరు రాయించుకుని మెట్లు దిగింది. తిరిగి వచ్చి బల్ల ముందు నిలబడింది. బాలరాజు పెన్ను పట్టుకుని బిందుమాధవి వైపు, రాహేలు వైపు చూశాడు.

"ఉన్నదే రాయన్నా," అంది రాహేలు.

పదమూడు అని రాశాడు. ఆమె అంకె చూసుకుని, పెన్ను తీసుకుని, పక్కన సంతకం పెట్టింది.

తరవాత వెళ్లిన ఇద్దరూ కూడా అలాగే వచ్చి నిలబడ్డారు. మూడో ఆమె అడక్కుండానే పెన్ను అందుకుంది. భోజనాల తరవాత బాలరాజు పెన్ను బల్ల మీద పడేసి, "గిన్ని మెమోలు ఎవరు టైపు కొడ్తరు మేడం?" అన్నాడు దిగులుగా.

"నేనైతే కాదు," అంది బిందుమాధవి.

అయిదున్నరకి బెల్లు మోగాక ఆమె పేజీ అడుగున తేదీ వేసి, పై నుంచి కిందికి ఒకసారి చూసుకుంది. పద్దెనిమిది, పదమూడు, పదిహేను, పన్నెండు, పదహారు, పద్నాలుగు, ఇరవై ఒకటి. ఆ పేజీలో ఒక్క పది కూడా లేదు.